మందకుక్క గిన్నె: పోషణశాస్త్ర చరిత్రలో ఒక అధ్యాయము

వానకాలపు పంటలు ఇంటికి చేరిన పిమ్మట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల చేలలో గొఱ్ఱెల మందలు దిగును. చేనికి ఎరువు కావలెనని రైతు కాపరిని పిలిచి మంద పెట్టించుకొనును. రాత్రివేళ జీవాలు నడుమ పరుండును. కాపరి గొంగడి కప్పుకొని ఒక అంచున పండుకొనును. రెండవ అంచున కుక్క మేలుకొని యుండును. పగలంతయు మంద వెంట నడచినది అదియే. రాత్రియంతయు తోడేలు అలికిడికి చెవి యొగ్గి యుండవలసినదియు అదియే. ఈ చాకిరికి దానికి ముట్టు జీతమేమి? కాపరి తినగా మిగిలిన జొన్న గట్కయో, మక్క గట్కయో, కొంచెము పలుచని అంబలి, ఎప్పుడైన ఒక ఎముక.

అట్టి కుక్క ఒక్కొక్కప్పుడు బక్కచిక్కి ప్రక్కటెముకలు బయటపడి కనిపించును. దానికి కండ పట్టించుట ఎట్లు? ఊరిలో ఈ ప్రశ్న వేసినచో మూడు సమాధానములు వచ్చును. మాంసము పెట్టుమని ఒకరందురు. నెయ్యియో నూనెయో పోయుమని మరియొకరందురు. గట్కనే మరికొంత ఎక్కువ పెట్టుమని మూడవవారందురు. మూడింటిలోను కొంత నిజము కలదు. ఏ మాటలో ఎంత నిజమున్నదో తేల్చుటకు శాస్త్రజ్ఞులకు నూటయేబది సంవత్సరములకు పైగా పట్టినది. ఆ విచారణలో ముఖ్యసాక్షి కుక్కయే. అందులోని ఒక ప్రధాన ఘట్టము మన హైదరాబాదులోనే, మన జొన్నలపైననే జరిగినది.

తోడేలు నుండి గట్క దాకా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములు మూడును 2016 అక్టోబరు వరకు కరీంనగరు జిల్లాలో నుండెను. ఇప్పుడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను కలవు. ఉత్తరమున గోదావరి, దక్షిణమున మానేరు, నడుమ చెరువులు, గుట్టలు, చెట్టు చేమలు గల ఈ భూమి మందలకు అనువైనది. గొల్ల, కురుమ కులములవారు తరతరములుగా ఇచ్చట జీవాలను పెంచుచున్నారు. నల్లని ఉన్నిగల దక్కను గొఱ్ఱె నుండి వచ్చినదే తెలంగాణపు గొంగడి. వీరి కులదైవమైన మల్లన్న కథను ఒగ్గువారు నేటికిని పాడుచున్నారు. మల్లన్నకే మహారాష్ట్రమున ఖండోబా యని పేరు. ఆ సంప్రదాయమున కుక్క దేవుని వెంట నుండు జీవము. మందను నమ్ముకొన్నవారు మందను కాచు జంతువును దేవుని సరసన నిలుపుట వింత గాదు.

తోడేలు మాంసాహారి. కుక్క తోడేలు సంతతియే. పదునైదువేల సంవత్సరములకు తక్కువ కాకుండ అది మనిషిని అంటిపెట్టుకొని యున్నది. మరి తోడేలు సంతతి గట్క తిని ఎట్లు బ్రతుకుచున్నది? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు 2013లో లభించినది. స్వీడనుకు చెందిన శాస్త్రజ్ఞులు కుక్కల జన్యువులను తోడేళ్ళ జన్యువులతో సరిపోల్చి చూచిరి. పిండిపదార్థమును జీర్ణముచేయు అమైలేజు అను ఎంజైమును తయారుచేయు జన్యువు తోడేలులో రెండు ప్రతులు మాత్రమే యుండగా, కుక్కలలో నాలుగు మొదలు ముప్పది వరకు కనిపించినవి. మనిషి సేద్యము నేర్చి ధాన్యము వండుకొన నారంభించిన తరువాత, ఆ మిగులును తిని అరిగించుకొనగలిగిన కుక్కలే వృద్ధి పొందినవి. కావున గట్క కుక్కకు పరాయి ఆహారము కాదు. అది ఒక్కటియే చాలునా యన్నదే ప్రశ్న.

చక్కెర తిన్న కుక్క

ఒక్క పదార్థముతో జంతువు బ్రతుకగలదా యను ప్రశ్నను ప్రయోగముచేత పరీక్షించిన తొలి శాస్త్రజ్ఞులలో ఫ్రాన్సు దేశీయుడైన ఫ్రాంస్వా మజాండీ ముఖ్యుడు. 1816లో అతడు మూడేండ్ల వయసు గల, బలిసి ఆరోగ్యముగా నున్న ఒక కుక్కకు శుద్ధమైన చక్కెరను, బట్టిపట్టిన నీటిని మాత్రమే పెట్టెను. మొదటి వారము కుక్క హుషారుగా నుండెను. రెండవ వారము తిండి తినుచునే చిక్కిపోసాగెను. మూడవ వారమున బలము ఉడిగి, కనుగ్రుడ్లపై పుండ్లు పడెను. ముప్పదిరెండవ దినమున అది మరణించెను. ఆలివు నూనె, బంక, వెన్న వంటి పదార్థములను విడివిడిగా పెట్టి చూడగా ఫలితము ఇంచుమించు అట్లే వచ్చెను.

చక్కెరలో నత్రజని లేదు, నూనెలోను లేదు. కండలో నత్రజని కలదు. కావున నత్రజని గల ఆహారము లేనిదే జంతువు దేహము నిలువదని మజాండీ గ్రహించెను. ఆ నత్రజని పదార్థములనే మనము మాంసకృత్తులని పిలుచుచున్నాము. కనుగ్రుడ్లపై పుండ్లకు కారణము మాత్రము ఆనాటివారికి అంతుపట్టలేదు. అది విటమిను ఏ లోపమని నేటివారి అభిప్రాయము. అనగా ఆ ఒక్క కుక్క రెండు సత్యములను చూపగా, మనుష్యులు ఒకదానినే చదువగలిగిరి.

నత్రజని యున్నంత మాత్రమున చాలునా? ఎముకలను ఉడికించి తీసిన జెలటిను పులుసును బీదవారికి, ఆసుపత్రులలోని రోగులకు పోయవచ్చునని ఆ కాలమున ఫ్రాన్సులో కొందరు వాదించుచుండిరి. జెలటినులో నత్రజని సమృద్ధిగా కలదు. మజాండీ అధ్యక్షతన ఏర్పడిన సంఘము అనేక సంవత్సరములు కుక్కలపై పరీక్షలు జరిపి, జెలటిను ఒక్కటియే ప్రాణము నిలుపజాలదని 1841లో తెలిపెను. కారణము చాలకాలమునకు బయటపడినది. మాంసకృత్తులు ఆమినో ఆమ్లములనెడి చిన్న ఇటుకలతో కట్టిన గోడల వంటివి. జెలటినులో ట్రిప్టోఫేను అను ఇటుక లేనేలేదు. ఒక్క రకపు ఇటుక లోపించినచో తక్కినవి ఎన్ని యున్నను గోడ లేవదు. ఈ ట్రిప్టోఫేను పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు మరల దానితో పని పడును.

కండ కరగి పని యగునా?

"మాంసము తిన్నచో కండ పట్టును, కండ కరగినచో పని జరుగును" అను భావమునకు శాస్త్రగౌరవము కల్పించినవాడు జర్మను రసాయనశాస్త్రవేత్త లీబిగు. పని చేయునపుడు కండలోని మాంసకృత్తియే ఖర్చగునని 1842లో అతడు వ్రాసెను. ఇది నిజమైనచో ఎక్కువ పరుగెత్తిన కుక్క మూత్రములో నత్రజని వ్యర్థమైన యూరియా ఎక్కువగా కనిపింపవలెను. మ్యూనికు నగరమున కార్ల్ ఫాయిట్ అను శాస్త్రవేత్త కుక్కను త్రొక్కుడు చక్రముపై పరుగెత్తించి, దాని యూరియాను కొలిచెను. 1860లో ప్రకటితమైన ఆ ఫలితము లీబిగును సమర్థింపలేదు. పరుగెత్తిన నాడును, ఊరకున్న నాడును యూరియాలో చెప్పుకోదగిన భేదము లేదు.

అయిదేండ్లకు ఫిక్, విస్లిట్సేనుస్ అను ఇరువురు ఆచార్యులు తమ దేహములపైననే పరీక్ష చేసిరి. 1865 ఆగస్టులో వారు మాంసకృత్తులు లేని ఆహారము తిని, స్విట్జర్లాండులో ఒక కొండపైకి 1,956 మీటర్ల మేర ఎక్కిరి. వారి మూత్రములోని నత్రజనిని బట్టి ఖర్చయిన మాంసకృత్తి ఎంతో లెక్కింపగా, దానివలన వచ్చు శక్తి వారి శరీరములను కొండపైకి మోయుటకు చాలలేదు. తక్కిన శక్తి పిండిపదార్థముల నుండి, క్రొవ్వుల నుండి వచ్చెనని తేలెను. కండ యంత్రము వంటిది, ఇంధనము వేరు. యంత్రమును కట్టుటకు మాంసకృత్తి కావలెను, నడుపుటకు పిండియు క్రొవ్వును చాలును.

శక్తి లెక్క సరిపోవునని చూపినదియు కుక్కయే. 1894లో మాక్స్ రుబ్నర్ ఒక కుక్కను ఉష్ణమును కొలుచు పెట్టెలో నుంచి, అది విడిచిన వేడిని, తిన్న ఆహారమునుండి రావలసిన వేడితో సరిపోల్చెను. రెండును ఒక్కటియే ఆయెను. జంతువు బరువు పెరుగుట మాయ కాదు. రాబడి ఖర్చును మించినచో బరువు పెరుగును, తగ్గినచో తరుగును. ఐతే పెరిగిన ఆ బరువు కండయా, క్రొవ్వా యన్నది వేరు ప్రశ్న. పని చేసిన కండకు తగిన ఆమినో ఆమ్లములు అందినపుడే అది బలియును. పని లేక తిన్నది క్రొవ్వై నిలుచును.

భీమవరపు బిడ్డ చూపిన సూక్ష్మము

పిండి, క్రొవ్వు ఇంధనములైనచో, వాటి శక్తి కండకు ఏ రూపమున అందును? ఈ ప్రశ్నకు సమాధానమిచ్చినవారిలో ఒక తెలుగువాడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరసు ఫిస్కుతో కలిసి పనిచేసెను. శరీరద్రవములలోని భాస్వరమును కొలుచుటకు వారు కనిపెట్టిన రంగుపద్ధతి నేటికిని వారి పేరిటనే పిలువబడుచున్నది. ఆ పద్ధతితో కండను పరీక్షించి, 1927లో ఫాస్ఫోక్రియేటిను అను పదార్థమును వారు ప్రకటించిరి. కండ పని చేసినపుడు అది విడిపోవును, విశ్రాంతిలో తిరిగి ఏర్పడును. 1929లో ఎ. టి. పి. అను మరియొక భాస్వర పదార్థమును కనుగొనిరి. జర్మనీలో లోమన్ కూడ అదే సంవత్సరమున దానిని వేరుగా కనుగొనెను.

ఎ. టి. పి. కండకు చేతిలోని చిల్లర. ఫాస్ఫోక్రియేటిను మొలలోని రొక్కము. పిండి, క్రొవ్వు ఇంటిలోని గాదె. తోడేలును చూచి కుక్క ఒక్క ఉదుటున దూకినపుడు ఖర్చగునది చిల్లర, రొక్కము. దినమంతయు మంద వెంట నడచునపుడు ఖర్చగునది గాదె. కుక్క గాదెలో క్రొవ్వుకు పెద్ద చోటున్నది. ఎక్కువ దూరము సాగు పనికి కుక్క కండలు ముఖ్యముగా క్రొవ్వునే మండించును. అలాస్కాలో మంచుబండ్లను లాగు కుక్కలు పందెపు దినములలో రోజునకు సుమారు 11,000 కెలోరీలు ఖర్చుచేయునని 1997లో ప్రకటించిన కొలతలు చెప్పుచున్నవి. అంత శక్తిని గట్కతో అందించుట అసాధ్యము. అందుచేత వాటికి క్రొవ్వు ఎక్కువగా గల ఆహారము పెట్టుదురు. "నూనె పోయుము" అన్న మన ఊరిమాటలోని నిజమిదియే.

నల్లనాలుక

మూడవ సమాధానము, "గట్కనే ఎక్కువ పెట్టుము" అన్నది, ఇంకను మిగిలియున్నది. దీని చరిత్ర అన్నిటికంటె విషాదకరమైనది, మనకు దగ్గరిది.

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో మక్కజొన్న ముఖ్యాహారముగా గల బీదలకు పెల్లాగ్రా అను వ్యాధి వచ్చుచుండెను. ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పొలుసులు లేచును, విరేచనములు పట్టును, తుదకు మతి చలించును. ఆ ప్రాంతపు కుక్కలకే నల్లనాలుక యను వ్యాధి వచ్చుచుండెను. నోరు ఎఱ్ఱబడి పుండ్లు పడును, దుర్వాసనతో చొంగ కారును, కుక్క తిండి మాని చిక్కిపోయి చచ్చును. 1917లో చిట్టెండెన్, అండర్‌హిల్ అనువారు బఠానీలు, రొట్టెపొడి మొదలగు వానితో కూడిన ఆహారము పెట్టి కుక్కలలో పెల్లాగ్రాను పోలిన వ్యాధిని కలిగించిరి. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అను వైద్యుడు పెల్లాగ్రా అంటువ్యాధి కాదనియు, ఆహారలోపమనియు నిరూపించుటకు జీవితమంతయు పాటుపడెను. నల్లనాలుకయు పెల్లాగ్రాయు ఒక్క లోపమునకు రెండు రూపములని తలంచి, ఏ ఆహారము కుక్కను కాపాడునో అది మనిషిని కాపాడునని పరీక్షించుచు పోయెను. ఈస్టు రెండింటిని కాపాడెను. అందులోని పదార్థమేదో తెలియకముందే 1929లో అతడు మరణించెను.

1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కాన్రాడ్ ఎల్విహెం, అతని సహచరులు నల్లనాలుకతో చావునకు సిద్ధముగా నున్న కుక్కలకు నికోటినిక్ ఆమ్లము నిచ్చిరి. కుక్కలు లేచి తినసాగెను. అదే సంవత్సరమున మనుష్యులకును ఆ మందు పనిచేసినది. దానినే నియాసిను అందురు. శరీరము నియాసినును కొంతవరకు ట్రిప్టోఫేను నుండి తానే చేసికొనగలదు. మక్కలలో ట్రిప్టోఫేను తక్కువ. ఉన్న నియాసిను కూడ చాలవరకు బంధింపబడి దేహమునకు అందదు. మెక్సికో ప్రజలు తరతరములుగా మక్కలను సున్నపు నీటిలో ఉడికించి తినుచున్నారు. సున్నము ఆ బంధమును విడిపించును. అమెరికాకు మక్కలు వెళ్ళినవి గాని ఆ వంటవిధానము వెళ్ళలేదు.

హైదరాబాదులో జొన్న పరీక్ష

మక్కల కథ ఇట్లు తేలినది. జొన్నల కథ తేలలేదు. తెలంగాణమునను దక్కనులోని ఇతర ప్రాంతములందును జొన్నయే ముఖ్యాహారముగా గల బీదలలో పెల్లాగ్రా కనిపించుచుండెను. జొన్నలోని నియాసిను మక్కలోని దానివలె బంధింపబడినది కాదు. ట్రిప్టోఫేను కూడ మరీ తక్కువ కాదు. మరి వ్యాధి ఎందుకు వచ్చుచున్నది?

1918లో రాబర్టు మెకారిసన్ కూనూరులో ఆరంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు మారెను. అదియే 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యని పిలువబడుచున్నది. అందులో డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకంఠయ్య ఈ చిక్కుముడిని పట్టుకొనిరి. జొన్న మాంసకృత్తిలో ల్యూసిన్ అను ఆమినో ఆమ్లము అధికము. ఆ ఆధిక్యమే ట్రిప్టోఫేను, నియాసినుల వినియోగమును చెరచుచున్నదని వారు 1960లో ప్రతిపాదించిరి. పరీక్షకు మరల కుక్కయే వచ్చెను. డాక్టరు భవాని బెలవాడి, డాక్టరు గోపాలన్ జొన్న ప్రధానముగా గల ఆహారము పెట్టి కుక్కలలో నల్లనాలుకను కలిగించి 1965లో ప్రకటించిరి. ఆ పిమ్మటి ప్రయోగములలో ల్యూసిన్ చేర్చిన ఆహారముతో కుక్కపిల్లలకు ఆ వ్యాధియే వచ్చెను.

ల్యూసిన్ వాదమును ఇతర దేశముల ప్రయోగశాలలన్నియు ధ్రువపరుపలేదు. ఆ ఒక్కటియే కారణమా, ఇతర విటమినుల లోపము కూడ కలిసెనా యను చర్చ నేటికిని ముగియలేదు. కాని కుక్కలు చెప్పిన ముఖ్యవిషయములో సందేహము లేదు: జొన్న మంచి ధాన్యమే యైనను, జొన్న తప్ప మరేమియు లేని గిన్నె మంచిది కాదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము వచ్చి, ఆహారము మారి, కూలి పెరిగి, పాలు, పప్పు కొంత అందుబాటులోనికి వచ్చిన పిదప పెల్లాగ్రా దాదాపు కనుమరుగైనది. ఆ జొన్న గట్కనే కాపరితోపాటు తిన్న కుక్కల బక్కతనమును ఎవరును లెక్క వ్రాసియుండరు.

బూజుపట్టిన మక్కలు

గట్క గిన్నెలో మరియొక అపాయము కలదు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతము మక్కలకు పేరు పడినది. కోతవేళ వాన పడినచో కంకులకు బూజు పట్టును. మనుష్యులు తినని గింజలు కోళ్ళకు, కుక్కలకు పోవును. 1950ల నాటికి అమెరికాలో కుక్కలకు కారణము తెలియని కాలేయవ్యాధి యొకటి వచ్చుచుండెను. బూజుపట్టిన దాణాతో దానికి సంబంధమున్నదని పరీక్షలు చూపెను. 1960లో ఇంగ్లండున వేల సంఖ్యలో టర్కీకోళ్ళు చచ్చినపుడు, దాణాలోని పల్లిపిండిలో బూజు చేసిన విషము పట్టుబడెను. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు. ఆ కుక్కల వ్యాధికిని అదియే కారణమని అప్పుడు తేలెను.

1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులలోని గిరిజన గ్రామములలో కామెర్లతో వందమందికి పైగా మరణించిరి. హైదరాబాదు నుండి వెళ్ళిన పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు వానకు తడిసి బూజుపట్టిన మక్కలలో అఫ్లటాక్సిన్ ఉన్నట్లు కనుగొనిరి. ఆ ఇండ్లలోని కుక్కలకును అదే వ్యాధి వచ్చెను. అవి తిన్నది ఇంటివారి కూడే గదా! "కుక్కకే గదా" యని బూజు గింజ వండిపెట్టువాడు రెండు తప్పులు చేయుచున్నాడు. కుక్క కాలేయము ఆ విషమును తట్టుకొనుటలో చాల బలహీనమైనది. ఇక ఆ గింజ ఉన్న గాదెలోనే ఇంటివారి గింజలును ఉండును.

గిన్నె లెక్క

ఇంత చరిత్ర నేర్పిన పాఠమును ఇప్పుడు ఒక గిన్నెలో వేసి చూడవచ్చును. 20 కిలోల బరువు గల మందకుక్క పడుకొని యున్నప్పటికి రోజునకు సుమారు 660 కెలోరీలు కావలెను. మంద వెంట పనిచేయు దినమున దానికి రెండింతలు, అనగా 1,300, మిక్కిలి శ్రమపడు దినములలో మూడింతలు, అనగా 2,000 వరకు కావలసి వచ్చును.

100 గ్రాముల జొన్నపిండిలో సుమారు 335 కెలోరీలు, 10 గ్రాముల మాంసకృత్తులు కలవు. పిండికి పదింతల నీరు పోసి కాచిన అంబలితోనే 1,300 కెలోరీలు రావలెనన్నచో ఇంచుమించు నాలుగు లీటర్లు త్రాగవలెను. కుక్క కడుపులో అంత చోటు లేదు. కడుపు నిండును, ఒడలు ఎండును. చిక్కని గట్కయైనచో 400 గ్రాముల పిండి సరిపోవును. కాని అందు లైసిన్ అను ఆమినో ఆమ్లము కొరత. పైగా మొత్తము శక్తిలో మాంసకృత్తుల వాటా 12 శాతమే. మంచుబండ్ల కుక్కలపై 1999లో ప్రకటించిన పరీక్షలో 18 శాతము వాటా పొందిన కుక్కలకే, ఎక్కువ పొందిన వాటికంటె, శిక్షణకాలమున గాయములు ఎక్కువగా అయినవి. పన్నెండు శాతముతో కండ బలియునని ఆశించుట ఎట్లు?

ఇప్పుడు 250 గ్రాముల జొన్నపిండి గట్క, 100 గ్రాముల మెత్తగా ఉడికిన కందిపప్పు, రెండు ఉడికించిన కోడిగ్రుడ్లు కలిపి చూడుడు. శక్తి సుమారు 1,300 కెలోరీలే. మాంసకృత్తులు మాత్రము 60 గ్రాములకు చేరును, వాటా 18 శాతమగును. జొన్నలో కొరతపడిన లైసిన్ పప్పులో, గ్రుడ్డులో సమృద్ధిగా కలదు. కష్టమైన పని యున్న దినములలో రెండు చెంచాల నూనె చేర్చినచో మరికొంత శక్తి వచ్చును; గ్రాము పిండి నాలుగు కెలోరీలిచ్చిన, గ్రాము నూనె తొమ్మిది ఇచ్చును. మాంసము దొరికిన దినమున పప్పు తగ్గించి ఉడికించిన మాంసము వేయవచ్చును. వాటా ఇంకను పెరుగును. మార్పు పది దినములలో మెల్లగా చేయవలెను, లేనిచో విరేచనములగును. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమునకు హానిచేయును. కూర మిగులును పెట్టువారు ఇది మరువరాదు.

పిల్లల విషయమున మరింత జాగ్రత్త కావలెను. 1919 ప్రాంతమున ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలాన్‌బీ ఓట్ల గంజి ప్రధానముగా పెంచిన కుక్కపిల్లల ఎముకలు వంగిపోవుటను, కాడ్ చేపనూనె ఇచ్చినచో అవి బాగుపడుటను చూపెను. మనుష్యుల బిడ్డల రికెట్సుకు మార్గము అట్లే దొరికినది. గంజి ఒక్కటియే తిని పెరిగిన పిల్లకు కండ మాట అటుంచి, ఆ కండను మోయు ఎముకయే గట్టిపడదు.

పచ్చి పేగులు, కాలేయములు

కుక్క బక్కగా నున్నదని, గొఱ్ఱెను కోసినపుడు పనికిరాని ఊపిరితిత్తులు, కాలేయములు పచ్చిగా విసరివేయుట మందలవారి వాడుక. ఇందు దాగియున్న అపాయము అన్నిటికంటె పెద్దది. ఆ అవయవములలో నీటిబుడగల వంటి తిత్తులున్నచో అవి ఒక చిన్న బద్దెపురుగు పిల్లలు. కుక్క తిన్నచో దాని పేగులలో పురుగులగును. వాటి గ్రుడ్లు మలముతో గడ్డిపై పడి గొఱ్ఱెలకు, చేతులకు అంటి మనుష్యులకు చేరి, వారి కాలేయములో, ఊపిరితిత్తులలో తిరిగి తిత్తులగును. పందొమ్మిదవ శతాబ్దమున ఐస్లాండు ద్వీపము ఈ వ్యాధితో కుమిలిపోయెను. హరాల్డ్ క్రాబే అను డేనిష్ శాస్త్రజ్ఞుడు 1864లో, తిత్తులున్న అవయవములను కుక్కకు వేయక నాశనము చేయుడనియు, కుక్కలకు పురుగుల మందు ఇయ్యుడనియు చిన్న పుస్తకము వ్రాయగా, దానిని దేశమంతటను పంచిరి. ఇంటింట చదువు వచ్చిన ఆ దేశమున ఆ పుస్తకము పనిచేసినది. తరువాతి తరములలో వ్యాధి అచ్చట అంతరించెను.

కావున పచ్చి అవయవములు వేయక బాగుగా ఉడికించియే వేయవలెను. ఎంత తిన్నను బరువు పెరుగని కుక్కకు మొదట పురుగుల మందు ఇప్పింపవలెను. ఈ పనికి ప్రతి మండలమున పశువైద్యుడు కలడు, కోరుట్లలోనే పి. వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాల కలదు. జొన్న, మక్కల విత్తనము, నిలువ విషయములు తెలియగోరువారికి జగిత్యాల ప్రక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానము కలదు.

ఒక్క గిన్నె

ఉపాధ్యాయులు ఈ చరిత్రను తరగతిలో చిన్న పరీక్షగా మార్చవచ్చును. విద్యార్థి తన యింటి కుక్క ప్రక్కటెముకలపై చేయి వేసి చూడవలెను. ఎముకలు చేతికి తగులుచు కంటికి కనబడకున్నచో కుక్క సరిగా నున్నది. దూరమునుండియే కనబడినచో బక్కది. ఒత్తినను తగులకున్నచో క్రొవ్వు పట్టినది. పదునైదు దినములకొకసారి కిరాణా కాటాపై దానిని తూచి, గిన్నెలో పడిన పిండి, పప్పు, గ్రుడ్డు లెక్క వ్రాసినచో, రుబ్నర్ పెట్టె లేకున్నను రుబ్నర్ చెప్పిన సూత్రము కంటికి కట్టును.

ఊరివారి మూడు సమాధానములకును ఇప్పుడు తీర్పు చెప్పవచ్చును. మాంసకృత్తి కండను కట్టును, నూనె దూరపు నడకను నడిపించును, గట్క గాదెను నింపును. మూడును కలిసి, పనియు విశ్రాంతియు తోడైనపుడే కండ పట్టును. ఏ ఒక్కదానినో నమ్మి పెట్టిన గిన్నె మజాండీ కుక్క ముందు పెట్టిన చక్కెర గిన్నె వంటిదే.

ఈ చరిత్రలో కుక్కకు వచ్చిన ప్రతి జబ్బును మనిషికి వచ్చినదే. కుక్కను బాగుచేసిన ప్రతి మందును మనిషిని బాగుచేసినదే. కాపరి గిన్నెయు, అతని కుక్క గిన్నెయు ఒక్క కుండనుండియే నిండుచున్నవి. మంద అంచున మేలుకొనియున్న ఆ జంతువు ప్రక్కటెముకలు బయటపడినచో, కుండలో ఏదో తక్కువైనదని తెలియవలెను. దానిని చూచినవారు తమ పిల్లల గిన్నెలను కూడ ఒకసారి చూచుకొనుట మంచిది.